ముడతలన్నీ నాకిచ్చి

ఆ లాండ్రీలో అందరికంటే ముందు వచ్చి తాళం తీసేది మూగమ్మ. మూగదేం కాదు. మాటలు శుభ్రంగా వచ్చు. అవసరమైతే తప్ప వాడదు, అంతే. ఒకసారి మరకలు తీసే ఆమె, "ఏమ్మా, నీ నోటికి కూడా గంజి పెట్టారా?" అని ఆటపట్టిస్తే అందరూ పగలబడి నవ్వారు. ఆ పూట నుంచి ఆమె పేరు మూగమ్మ అయిపోయింది. ఆ పేరుకి కూడా ఆమె ఏమీ అనలేదు. అని ఉంటే పేరు పోయేదేమో.

ముందుగా రావడానికి కారణం మూడో నంబరు ప్రెస్సు. ముసలి మిషను. అది వేడెక్కేలోపు ఒక కాపురం సర్దుకోవచ్చు. కింద మెత్త వేసిన దిమ్మ, పైన ఇనుప మూత. పెడలు తొక్కితే మూత టక్కుమని పడుతుంది, ఆవిరి బుస్సుమంటుంది, ఆఖర్న ఎక్కడో రబ్బరు అరిగిన సందులోంచి 'కుయ్' అని సన్నగా ఒక కూత. మెకానిక్కు వచ్చి అటూ ఇటూ చూసి, తీగతో ఒక కట్టు కట్టి, "ఇంక కుయ్యదమ్మా" అని భరోసా ఇచ్చి పోయాడు. మర్నాడు ఇంకాస్త గట్టిగా కూసింది.

ప్రెస్సు పక్క గోడకి ఒక మేకు, ఆ మేకుకి రేడియో. అరచేతిలో పట్టేంత ఉంటుంది. వెనక బ్యాటరీ మూత ఊడిపోతే జడకు పెట్టుకునే రబ్బరు వేసింది. యాంటెన్నా చివర వంగింది గానీ లాగితే బారెడు సాగుతుంది. ఎఫ్ఎం, మీడియం వేవు, షార్ట్ వేవు అన్నీ పలుకుతుంది. మెమరీ కార్డు పెడితే పాటలు పాడుతుంది. నెత్తిమీద చిన్న టార్చి కూడా. పక్కనున్న ఎర్ర మీట నొక్కితే మన మాటను ఆ కార్డులో పట్టి మనకే అప్పజెబుతుంది. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే ఆమె మొగుడు కొనిచ్చాడు. "రోజంతా ఆ ఆవిర్లో ఒక్కదానివే, నీకు తోడుంటుంది" అన్నాడు. ఎర్ర మీట ఎలా నొక్కాలో వేలు పట్టుకుని నేర్పింది కూడా ఆయనే.

పొద్దున్నే ఎవరూ లేనప్పుడు షార్ట్ వేవులో ఏ దేశం వాడో ఏ భాషలోనో వార్తలు చదువుతుంటే వింటూ తడి బట్టలు దులిపేది. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆ మనిషి గొంతు రోజూ ఒక్కలాగే నిమ్మళంగా ఉంటుంది, అది ఆమెకు నచ్చేది. ప్రెస్సు వేడెక్కాక దాన్ని ఆపేసి ఎర్ర మీట నొక్కి తనే పాడేది. కాలరు పరుస్తూ రెండు వరసలు. మూత పడి, ఆవిరి వచ్చి, లేచేదాకా మౌనం. మళ్ళీ రెండు వరసలు. ఆ పాటలకు తాళం వేసేది ప్రెస్సే. జనం వచ్చే అలికిడి వినబడగానే పాట ఆగిపోయేది, మూగమ్మ మళ్ళీ మూగమ్మ అయిపోయేది.

ఆ మధ్యాహ్నం హోటలువాళ్ల తెల్లకోట్ల గుట్ట వచ్చిపడింది. ఉతికే డ్రమ్ములు గిర్రున తిరుగుతున్నాయి, మిగతా రెండు ప్రెస్సులూ బుసకొడుతున్నాయి. రేడియోలో శ్రోతలు పంపిన పాటల కార్యక్రమం. అనౌన్సరు, "సొంతంగా పాట కట్టి, ఇంట్లో పాడి, రికార్డు చేసి పంపారు ఈ అమ్మాయి" అంటూ పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. అది ఆమె ఆడపడుచు పేరు.

'మా పిల్లే!' అనుకుంది మూగమ్మ. ఆమె మొహం వెలిగింది. ఏడాదిగా ఆ పిల్ల రేడియోకి పాటలు పంపడం, వాళ్లు బాగాలేదనడం, ఈ పిల్ల కంచం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకోవడం చూస్తూనే ఉంది. ఇన్నాళ్లకు దాని మొర విన్నారు అనుకుని వాల్యూము పెంచింది.

"ఎవరి మేని చొక్కావో, ఏ వానకు తడిశావో…"

కార్డు మీట తగిలిందేమో అనుకుని రేడియో వంక చూసింది. తెర మీద ఎఫ్ఎం అంకెలే ఉన్నాయి. పాట మాత్రం తనది. గొంతూ తనదే. 'తడిశావో' దగ్గర పడిశం పట్టి కాస్త గీరిన గొంతు కూడా తనదే. వరస అయిపోయింది. రేడియోలో టక్కుమంది. బుస్సుమంది. 'కుయ్' మంది. ఆమె ఎదురుగా మూత పైకే ఉంది, పెడలు మీద కాలు పెట్టనేలేదు.

"ముడతలన్నీ నాకిచ్చి, ముస్తాబై పోతావా…"

ఆమె ఏం చేస్తున్నానో తెలియకుండానే పెడలు తొక్కింది. కింద కాలరు మడతపడి ఉంది. మూత లేచేసరికి దాని మీద కత్తితో గీసినట్టు రెండో గీత. అంతమంది కోట్లు చేసిన చేత అలాంటి తప్పు ఎప్పుడూ జరగలేదు.

అటువైపు దుప్పట్లు మడతపెట్టే పెద్దమ్మ తల ఊపుతూ, "ఎవరో పిల్ల, హాయిగా పాడింది కదే" అంది. ఆ రొదలో రేడియోలో వచ్చే ప్రెస్సు ఏదో, గదిలో ఉన్న ప్రెస్సు ఏదో ఎవరు పోల్చుకుంటారు! ఆ పాట పాడిన గొంతునైతే వాళ్లు ఎన్నడూ విననేలేదు.

మూగమ్మ కోటు తీసి మళ్ళీ నీళ్లు చల్లింది. ఆ గీత ఎంత తడిపినా పోలేదు.

ఇంటికి వెళ్లేసరికి ఇల్లంతా సందడి. ఆడపడుచు గుమ్మంలోనే పరిగెత్తుకొచ్చి మెడ చుట్టూ చేతులేసింది. "వదినా, విన్నావా? రేడియోవాళ్లు ఫోన్ చేశారు! ఎల్లుండి స్టూడియోకి రమ్మన్నారు. ఎదురుగా పాడాలట. అంతా నీ చలవే వదినా!"

నీ చలవే! మూగమ్మకు ఒళ్లు మండిపోయింది. దొంగిలించడమే కాకుండా మొహం మీదే ఎగతాళి కూడానా? మెడ మీది చేతులు నెమ్మదిగా తీసేసి, చెప్పులు విడిచి, వంటింట్లోకి పోయింది.

"కబుర్లు తరవాత, ముందు అన్నం పెట్టండి, ఆకలి దంచేస్తోంది" అన్నాడు మొగుడు. ఆయనకు అంత ఆకలి ఎప్పుడూ ఉండదు.

ముగ్గురూ కూర్చున్నారు. పిల్ల ఏ బట్టలు కట్టుకోవాలి, అనౌన్సరు ఏమడుగుతాడు, గొంతుకి ఏం తాగాలి అని గలగలా మాట్లాడుతూనే ఉంది. మూగమ్మ దాని కంచంలో కూర వడ్డించింది గానీ దాని మొహం వంక చూడలేదు. రాత్రిళ్లు రేడియో ఇంట్లో అలమర మీదే కదా ఉండేది. ఎప్పుడో తను నీళ్లకు వెళ్లినప్పుడు కార్డు తీసుకుని ఫోనులోకి ఎక్కించుకుని ఉంటుంది. నా చేతి ముద్ద తింటూ, నా పక్కన పడుకుంటూ, నా గొంతే ఎత్తుకుపోయావా తల్లీ అనుకుంది. పైకి మాత్రం, "ఇంకాస్త వెయ్యనా?" అంది.

అన్నాలయ్యాక మొగుడు రేడియో తీసి చార్జింగు పెట్టాడు. రోజూ ఆయన చేసే పనే. కాకపోతే రోజూ ఆ వైరు గుచ్చే ముందు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని, "ఇవాళేమైనా పాడావా?" అని అడిగేవాడు. ఆమె 'ఆఁ' అంటే వినేవాడు. వింటున్నంతసేపూ ఆయన కాలి బొటనవేలు నేలమీద తాళం వేసేది. ఆమె గిన్నెలు కడుగుతున్నట్టు నటిస్తూ ఆ బొటనవేలు వంకే చూసేది. "ఎవరికీ వినిపించకండి" అని మొదట్లో ఒకసారి అంటే, "నా ఆస్తి నేనెందుకు పంచుతానే! ఒట్టు" అన్నాడు.

ఇవాళ ఆయన అడగలేదు. వైరు గుచ్చి, దుప్పటి దులుపుకుని అటు తిరిగి పడుకున్నాడు. పాపం, అలిసిపోయినట్టున్నాడు అనుకుంది.

మర్నాడు ఆమె లాండ్రీ తాళం తీస్తుంటే వెనకాల చెప్పుల చప్పుడు. ఆడపడుచు. పరిగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"వదినా, కాస్త నేర్పించవూ? ఎంత పాడినా ఆ మధ్యలో ఆగే చోటు రావట్లేదు. నువ్వు ఎంతసేపు ఆగుతావో నాకు అందట్లేదు."

మూగమ్మ స్విచ్చి వేసింది, తడి కోట్ల బుట్ట లాక్కుంది, రేడియోను మేకుకి తగిలించింది. పిల్ల ఆమె వెంటే తిరుగుతోంది.

"కోపమా వదినా? నిన్నటి నుంచి మాట్లాడవేం?"

ఇక ఆగలేకపోయింది మూగమ్మ. "నా పాట ఎత్తుకుపోయి, నా చలవంటూ నన్నే వెక్కిరించి, ఇప్పుడు నేర్పించమంటావా? సిగ్గనిపించడం లేదటే?"

పిల్ల నోరు తెరిచింది. దాని మొహంలో ఉన్నది భయం కాదు, నిజంగానే ఏమీ అర్థం కాకపోవడం.

"ఎత్తుకుపోవడమేంటి వదినా? నువ్వే ఇచ్చావుగా?"

"నేనా?"

"అన్నయ్యే కదా తెచ్చిచ్చాడు! 'మీ వదిన నలుగురిలో పాడదు, ఆ పాట అలా పడి ఉండేకంటే నీ పేరు మీద పంపెయ్యమంది. అడిగి దాన్ని సిగ్గుపడేలా చెయ్యకు, నీకు ఇచ్చినట్టు ఎక్కడా అనొద్దంది' అన్నాడు. అందుకే నీ దగ్గర ఎత్తలేదు. నిన్న మాత్రం ఆనందం పట్టలేక నీ చలవే అనేశాను…" పిల్ల గొంతు సన్నబడింది. "నువ్వు చెప్పలేదా వదినా?"

మూగమ్మ చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. నిన్నటి నుంచి ఈ పిల్ల మీద పెంచుకున్న కోపమంతా ఒక్కసారిగా నిలవడానికి చోటు లేక తిరిగి ఆమె మీదే పడింది. కోపంగానే పడి ఉంటే ఫరవాలేకపోయేది. ఏడుపై పడింది. ఆ పిల్ల తీసిందనుకుంటే కడుపు మండింది. ఆయనే ఇచ్చాడంటే ఆ మంట కూడా లేదు, లోపలంతా ఖాళీ. ఇయర్‌ఫోను, మూసిన కళ్లు, తాళం వేసే బొటనవేలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిలో ఏది నిజమో ఇప్పుడెలా తెలుస్తుంది?

"వదినా, ఏడవకు. నేను వాళ్లకి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను" అంటూ పిల్ల తనే ఏడవడం మొదలుపెట్టింది.

మూగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ప్రెస్సు అప్పటికి వేడెక్కింది. "ఇలా రా" అంది.

పిల్ల చెయ్యి పట్టుకుని దిమ్మ దగ్గర నిలబెట్టింది. "చూడు, కాలరు ముందు. ఈ కొస నుంచి ఆ కొసకి అరచెయ్యి జార్చాలి. అది జారేలోపు మొదటి వరస. తిరిగొచ్చేలోపు రెండోది. ఇప్పుడు పెడలు తొక్కు. ఊఁ, గట్టిగా. మూత పడింది కదా? ఇక పాడకూడదు. ఎందుకు పాడతావు, చేతికి పని లేదుగా! ఆవిరి పోనీ. కూత రానీ. కూత అయ్యాక ఊపిరి పీల్చు. మూత ఎత్తితే వేడి మొహానికి కొడుతుంది. అప్పుడు, ముడతలన్నీ…"

పిల్ల పాడింది. దాని గొంతు తీయనిది, సాధన చేసిన గొంతు. అయితే మూత పడగానే ఆగలేకపోయేది. ఆ మౌనం దానికి భయం. ఏదో ఒక రాగం తీసి ఆ సందుని నింపేసేది. "ఆగవే తల్లీ, ఆగడం కూడా పాటే" అంది మూగమ్మ. అంత మాట అన్నందుకు తనకే ఆశ్చర్యమేసింది.

మిగతావాళ్లు వచ్చే వేళయింది. మూగమ్మ మూత ఎత్తి పెట్టింది.

"వెళ్లు. పాడు. నీ గొంతుతోనే పాడు, నాకేం బాధ లేదు. అయితే ముందు వేసిన పాట ఎవరిదని అడిగితే మాత్రం నిజం చెప్పు. నా పేరు చెప్పక్కర్లేదు, మా వదినది అను చాలు. అంత నాకివ్వు."

"చెప్తాను వదినా. ఒట్టు" అంది పిల్ల ఆమె చేతిలో చెయ్యేసి.

ఆ ఒట్టు అన్న మాట దగ్గర మూగమ్మకు ఎక్కడో చురుక్కుమంది. అప్పటికే పెద్దమ్మ లోపలికి వస్తూ, "ఎవరే ఈ బంగారుబొమ్మ?" అంది. "మా ఆడపడుచు. రేడియోలో పాట వచ్చిందే, ఆ పిల్ల" అని చెప్పింది మూగమ్మ. అబద్ధం కాదు. అయినా చెప్తుంటే నాలుక మీద చేదు తగిలింది.

సాయంత్రం మొగుడు అరుగు మీద కూర్చుని టేబుల్ ఫ్యానుకి తీగ చుడుతున్నాడు. ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అలా కూర్చోవడం ఆమె అలవాటు కాదు. ఆయన తల ఎత్తలేదు.

"కార్డులో పాట మీరే ఇచ్చారట."

తీగ చుట్టే చెయ్యి ఆగింది, మళ్ళీ కదిలింది. "ఎవరిస్తే ఏముందిలే."

"నేనే ఇమ్మన్నానని కూడా చెప్పారట."

ఆయన ఇంకో రెండు చుట్లు చుట్టాడు. తరవాత ఫ్యాను పక్కన పెట్టి, ఆమెకు నచ్చజెప్పే గొంతు తెచ్చుకున్నాడు. "అది కాదే. అది రోజూ ఏడుస్తుంటే నేను చూడలేకపోయాను. ఎన్నిసార్లు పంపినా కాదంటున్నారు. అక్కడేమో నీ పాటలు కార్డులో ఊరికే పడున్నాయి. నువ్వా, చచ్చినా నలుగురిలో నోరు విప్పవు. ఎవరికీ పనికిరాని పాట పిల్లకి పనికొస్తే తప్పేముంది? అయినా మన ఇంటి పేరే కదా వినిపించింది!"

ఆమె ఆ మాటను ఒకసారి లోపల తిప్పి చూసుకుంది. "ఎవరికీ పనికిరాని పాటా?"

"అంటే, నా ఉద్దేశం…"

"మీరు వినేవారు కదండీ. అంటే మీకూ పనికిరాలేదన్నమాట."

ఆయన మూలనున్న స్క్రూలు వెతికినట్టు చేశాడు. "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా? అడిగితే మాత్రం నువ్వు ఇచ్చేదానివి కాదా?"

"ఇచ్చేదాన్నే. అడిగుంటే అప్పుడే ఇచ్చేదాన్ని" అంది. "మీరు అడగలేదు. నన్ను అడగక్కర్లేదనుకున్నారు చూడండి, దానికే నాకు ఏడుపొస్తోంది."

ఏడవలేదు గానీ. లేచి, పీట గోడకి ఆనించి, లోపలికి పోయింది. రేడియో అలమర మీద ఉంది. రబ్బరు తీసి, కార్డు వేలిగోటితో లాగి, చూసి, మళ్ళీ లోపలికి నొక్కింది. అంత చిన్న ముక్కలో తన గొంతెలా పట్టిందో ఆమెకు ఎప్పుడూ అర్థం కాలేదు.

కార్యక్రమం రోజున లాండ్రీలో పెద్దమ్మ హడావుడి చెప్పనలవి కాదు. "మన మూగమ్మ ఇంటిపిల్ల పాడుతుంటే ఈ మిషన్ల గోలేంటే? ఆపండి అన్నీ! ఓనరు అడిగితే నా పేరు చెప్పండి" అని కార్యక్రమం వేళకు డ్రమ్ములు ఆపించింది, ప్రెస్సులన్నిటికీ స్విచ్చి తీయించింది. రేడియోను మేకు మీంచి దింపి దుప్పట్ల బల్ల మీద పెట్టారు. మరకలామె యాంటెన్నా కిటికీ వైపు సాగదీసింది. ఎప్పుడూ దద్దరిల్లే ఆ గదిలో ఎక్కడో గొట్టం చివర్నుంచి బొట్టు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అప్పుడు వచ్చాడు మొగుడు. చెల్లెల్ని స్టూడియో దగ్గర దింపి నేరుగా వచ్చాడట. చేతిలో బిస్కెట్ల పొట్లం. "పాడే పిల్ల అన్నగారా? రండి, రండి" అని దుప్పట్ల మూట చూపించారు. ఆయన దాని మీద కూర్చుని అందరికీ బిస్కెట్లు పంచాడు. మూగమ్మ దాకా వచ్చేసరికి పొట్లం చాపాడు గానీ కళ్లెత్తలేదు. ఆమె తీసుకోలేదు. మూడో నంబరు ప్రెస్సుకి ఆనుకుని నిలబడింది.

ఆమె ఆ పూట కోరుకున్నది ఒక్కటే. 'మా వదినది' అన్న ఒక్క మాట. అది వినబడితే చాలు, మొగుణ్ని కూడా ఎప్పటికో ఒకప్పటికి క్షమించేయగలననిపించింది.

"మొన్న ఎందరో శ్రోతలు మెచ్చుకున్న పాట, మొదట మరోసారి విందాం" అన్నాడు అనౌన్సరు.

"ఎవరి మేని చొక్కావో, ఏ వానకు తడిశావో…"

పెద్దమ్మ చిరునవ్వుతో తల ఊపుతోంది. వరస అయిపోయింది.

టక్. బుస్స్. కుయ్.

ఆ నిశ్శబ్దంలో అది ఎంత స్పష్టంగా వినబడిందంటే, అందరి తలలూ ఒక్కసారే మూడో నంబరు ప్రెస్సు వైపు తిరిగాయి. మూత పైకే ఉంది. స్విచ్చి తీసే ఉంది. "అదేంటే, ఆపాంగా?" అని మరకలామె లేచి వెళ్లి దిమ్మ మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంతలో రెండో చరణం. మళ్ళీ టక్. మళ్ళీ బుస్స్. మళ్ళీ కుయ్. ఈసారి ఎవరూ ప్రెస్సు వైపు చూడలేదు. రేడియో వైపు చూశారు.

పాట ముగిసింది. "ఒక చిన్న సందేహం అమ్మాయ్" అన్నాడు అనౌన్సరు సరదాగా. "పాట మధ్యలో ఏదో చప్పుడు తాళం వేసినట్టు భలే వస్తోంది. ఏమిటది?"

రేడియోలో మౌనం. ఆగడం చేతగాని ఆ పిల్ల ఇప్పుడు ఆగింది. మూగమ్మ పిడికిలి బిగించింది. చెప్పు తల్లీ. చెప్పేయ్.

"అది… అది మా ఇంట్లో కుక్కరండీ."

"ఓహో, వంటింట్లో పుట్టిన పాటన్నమాట! పాట మీరే కట్టారా?"

"ఆఁ… నేనేనండీ."

మూగమ్మ పిడికిలి వదులైంది. ఆ పిల్ల పాడటం మొదలుపెట్టింది. చక్కగానే పాడుతోంది. ఆగాల్సిన చోట ఆగకుండా రాగం తీసుకుంటూ పోతోంది. మొగుడు బిస్కెట్ల పొట్లం మడతపెడుతూ, "బాగా పాడుతోంది కదూ?" అన్నాడు. ఎవరినని అడగాలో తెలియక పొట్లాన్నే అడిగాడు.

"కుక్కరంట!" అంది మరకలామె. "మీ ఇంటి కుక్కరుకి మా ప్రెస్సు దగ్గు ఎప్పుడు అంటుకుందయ్యా?"

"అదేం లేదమ్మా. మా చెల్లెలు నిన్న పొద్దున్న ఇక్కడికొచ్చిందిగా, అప్పుడు రికార్డు చేసుకుంది."

పెద్దమ్మ దుప్పటి కొసలు కలుపుతూ కలుపుతూ ఆగింది. "నిన్నొచ్చింది నిజమే. ఆ పాట రేడియోలో వచ్చింది అంతకు ముందు రోజు కదా నాయనా."

ఆయన మూగమ్మ వైపు చూశాడు. మూడు రోజులుగా తప్పించుకు తిరిగిన కళ్లు ఇప్పుడు ఆమెను బతిమాలుతున్నాయి. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించు, నా పరువు తీయకు అంటున్నాయి. ఆమె ఊరుకుంటే చాలు. ఊరుకోవడం ఆమెకు వచ్చిన పనే కదా.

పెద్దమ్మ దగ్గరికొచ్చి ఆమె గడ్డం పట్టుకుంది. "నువ్వేనా?"

మూగమ్మ వంగి ప్రెస్సు స్విచ్చి వేసింది. దిమ్మలో వేడి ఇంకా పోలేదు, తొందరగానే రాజుకుంది. ఈలోపు బుట్టలోంచి ఒక తెల్లకోటు తీసి, నీళ్లు చల్లి, కాలరు పరిచింది.   మొదటి వరసకు గాలి తప్ప ఏమీ రాలేదు. అరచెయ్యి కాలరు మీద మళ్ళీ జార్చింది.

"ఎవరి మేని చొక్కావో…"

పెద్దమ్మ చెయ్యి చాపి రేడియో కట్టేసింది.

"ఏ వానకు తడిశావో…"

పెడలు తొక్కింది. టక్. బుస్స్. కుయ్. గదిలో ఉన్నవాళ్లంతా ఆమెతో పాటే ఊపిరి బిగబట్టారు. మూత లేచింది. ఆవిరి మొహానికి కొట్టింది. ఆ ఆవిరిలో కళ్లనీళ్లు ఉన్నాయో లేదో ఎవరికీ తెలియలేదు.

"ముడతలన్నీ నాకిచ్చి, ముస్తాబై పోతావా…"

దుప్పట్ల మూట మీద మొగుడు అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు నేలమీద కదిలింది. రెండో వరసలో కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. మరకలామె వింటోంది. పెద్దమ్మ వింటోంది. డ్రమ్ముల దగ్గరి మనుషులు తడి చేతులతో గుమ్మంలో నిలబడి వింటున్నారు. బొటనవేలు ఆగిపోయింది.

పాట అయ్యాక మరకలామె ముక్కు చీదుకుని, "ఇన్నాళ్లూ నిన్ను మూగమ్మా అని పిలిచిన నా నోట్లో కదే గంజి పొయ్యాలి!" అంది. అందరూ నవ్వారు. మూగమ్మ కూడా నవ్వింది, ఏడుస్తూనే.

"పనిలోకి పదండి" అని పెద్దమ్మ అందరినీ అటు తోలింది. కావాలనే తోలింది.

మొగుడు లేచి దగ్గరికొచ్చాడు. చొక్కా వెనకంతా మూట మీద నలిగి ముడతలు పడి ఉంది. మెల్లగా అన్నాడు, "తప్పయిపోయిందే. నాకొక్కడికే పాడేదానివి… ఇంక పాడవా?"

ఆమె రేడియో తీసుకుంది. రబ్బరు తప్పించి, కార్డు వేలిగోటితో లాగి, ఆయన చొక్కా జేబులో వేసింది. జేబు మీద ఒకసారి అరచేత్తో సాపు చేసింది. అది చేతి అలవాటు, అంతకంటే ఏం లేదు.

"ఇందులోవన్నీ మీకోసమే పాడినవి. మీరే ఉంచుకోండి. ఎవరికి ఇచ్చుకున్నా నేనేం అనను" అంది. "కొత్తవి వినాలనిపిస్తే ఇక్కడికే రండి. వీళ్లందరితో పాటు కూర్చుని వినండి."

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకేదో అంటుందేమోనని చూశాడు. ఆమె రేడియోను మేకుకి తగిలించి ఎఫ్ఎం పెట్టింది. ఎవరో ఏదో ప్రకటన చదువుతున్నారు. ఎర్ర మీట జోలికి వెళ్లలేదు. బుట్టలోంచి ఇంకో కోటు తీసి, నీళ్లు చల్లి, కాలరు పరిచి పెడలు తొక్కింది.